ఫొటో ఉంది, స్కోరుబోర్డు ఏది?

2000 సెప్టెంబరు 19 సాయంత్రం నేను ఒక తెలుగు దినపత్రిక క్రీడల డెస్కులో శిక్షణలో ఉన్న సబ్‌ఎడిటర్ని. చేరి ఏడు నెలలు కూడా కాలేదు. సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచిన రోజది. ఒలింపిక్ పతకం అందుకున్న తొలి భారతీయ మహిళ మన శ్రీకాకుళం జిల్లా మనిషి కావడంతో ఆ సాయంత్రం డెస్కులో కూర్చున్నవాళ్ల కంటే నిలబడి మాట్లాడేవాళ్లే ఎక్కువ. ఏజెన్సీ పంపిన ఫొటోల్లో రెండు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తున్నాయి. మొదటిదానిలో బార్‌బెల్ తలపైన ఉంది. మెడ నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి, దవడ బిగుసుకుపోయింది, అరచేతులకు రాసుకున్న తెల్లటి పొడి ముంజేతుల దాకా అంటుకుంది, కళ్లు మనల్ని కాదు, ఎదురుగా ఎక్కడో ఒకే చోటును చూస్తున్నాయి. రెండోదానిలో మెడలో పతకం, చేతిలో పూలగుత్తి, ముఖం నిండా నవ్వు.

పేజీలో ఒక్క పెద్ద ఫొటోకే చోటుంది. నేను మొదటిది పెడదామన్నాను. ఇన్‌ఛార్జి రెండు ప్రింట్లూ చేతిలోకి తీసుకుని కాసేపు చూశారు. "బరువెత్తేటప్పుడు ముఖం అలాగే ఉంటుందమ్మా, నాకూ తెలుసు. కానీ ఆడపిల్ల కదా, పొద్దున్నే పేపరు తీయగానే నవ్వుతూ కనిపిస్తే బాగుంటుంది" అన్నారు. ఆయన నాకు పని నేర్పిన మనిషి. ఆ మాటలో చులకన లేదు, ఉన్నది ఆప్యాయతే. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. నవ్వే ఫొటో పెద్దగా పడింది. దాని కింద ఊళ్లో మిఠాయిలు పంచుకుంటున్న ఫొటో మరొకటి పడింది.

ఆ పేజీలో లేనిదేమిటో నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు. మల్లీశ్వరి స్నాచ్‌లో (ఒకే ఊపున తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, ఆపైన తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తింది. స్వర్ణం గెలిచిన చైనా లిఫ్టర్ లిన్ వీనింగ్, రజతం గెలిచిన హంగరీ లిఫ్టర్ ఎర్జెబెత్ మార్కుష్ ఇద్దరూ ఎత్తింది 242.5 కిలోలే, శరీర బరువు తక్కువగా ఉన్నందుకు లిన్‌కు స్వర్ణం దక్కింది. అంటే స్వర్ణానికీ కాంస్యానికీ నడుమ ఉన్న తేడా రెండున్నర కిలోలు. ఆఖరి ప్రయత్నానికి మల్లీశ్వరి బార్ మీద వేయించిన బరువు 137.5. అప్పటికి తను ఎత్తినదానికంటే అది ఏడున్నర కిలోలు ఎక్కువ. అంకెల ప్రకారం చూస్తే 135 ఎత్తినా మొత్తం 245 అయి అందరినీ దాటేసేది. అయినా 137.5 ఎందుకు అడిగారు, ఆ లెక్క ఎవరిది, ఆ ప్రయత్నం ఎందుకు ఫలించలేదు? ఆ రోజు చెప్పవలసిన అసలు కథ ఇది. ఉత్కంఠ కావలసిన వాళ్లకు ఉత్కంఠ, ఆట తెలుసుకోవాలనుకునే వాళ్లకు పాఠం, రెండూ అందులోనే ఉన్నాయి. మా పేజీలో 137.5 అన్న అంకె ఎక్కడా లేదు. ఆ వార్త దిద్దింది నేనే. ఏజెన్సీ కాపీలో ఆ అంకె ఉంటే, చోటు చాలక నేనే కోసేసి ఉంటానని ఇప్పుడు అనిపిస్తుంది, ఎందుకంటే మిఠాయిల ఫొటోకి చోటు కావలసి వచ్చింది.

క్రీడాపత్రికల్లోనూ క్రీడల పేజీల్లోనూ మహిళల చిత్రణ మారిందా అని ఎవరైనా అడిగితే, ఈ ఇరవై అయిదేళ్ల పని మీద నాకు తోచే జవాబు ఒకటే: ఫొటో చాలా మారింది, ఆట గురించి రాసే రాత మాత్రం దాని వెనక చాలా దూరంలో నడుస్తోంది. అలంకారంగా చూపే పాత పద్ధతి పోయి ఆ స్థానంలో గౌరవం వచ్చిందని సంతోషిస్తున్నాం. ఆ గౌరవం కూడా చాలాసార్లు ఆటను పక్కన పెట్టే వస్తోందని నా ఫిర్యాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల దగ్గరికి వెళ్లేదాన్ని. చిన్నప్పుడు మా ఊరి శాఖా గ్రంథాలయంలో చూసిన క్రీడాపత్రిక స్పోర్ట్‌స్టార్ ఒక్కటే. దాని నడిమి పేజీల పోస్టరు ఎవరో ఒకరు ముందే చింపుకుపోయేవారు కాబట్టి, స్టెఫీ గ్రాఫ్ పోస్టరు నేను ఎప్పుడూ పూర్తిగా చూడలేదు. అబిడ్స్‌లో అమెరికా పత్రిక స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పాత సంచికలు దొరికేవి. అలా దొరికిన వాటిలో 2000 జూన్ 5 సంచిక ఒకటి. ముఖచిత్రం మీద రష్యా టెన్నిస్ క్రీడాకారిణి అన్నా కోర్నికోవా దిండు పట్టుకుని కెమెరా వైపు చూస్తోంది. రాకెట్ లేదు, బంతి లేదు, కోర్టు లేదు. అప్పటికి ఆమె మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) సింగిల్స్ టైటిల్ ఒక్కటీ గెలవలేదు, ఆ తర్వాతా గెలవలేదు. ఆ సంచిక వచ్చిన మరుసటి నెలలోనే వీనస్ విలియమ్స్ వింబుల్డన్ గెలిచింది; ఆ ఏడాదే యూఎస్ ఓపెన్ గెలిచింది, సిడ్నీలో సింగిల్స్, డబుల్స్ స్వర్ణాలు రెండూ తెచ్చుకుంది.

ఈ ఉదాహరణ చెప్పేవాళ్లు సాధారణంగా కోర్నికోవాను తప్పుపట్టి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. ఆమె డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్, మార్టినా హింగిస్‌తో కలిసి రెండుసార్లు ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచిన మనిషి, సింగిల్స్‌లో ఎనిమిదో ర్యాంకు దాకా వెళ్లింది. నెట్ దగ్గర ఆమె చేతి చురుకు ఎలాంటిదో ఆ పత్రిక పాఠకుడికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు కాబట్టి ఆమె పేరు చెబితే ఇప్పటికీ జనానికి గుర్తొచ్చేది ఆటలో లేని అందగత్తె అన్న ముద్రే. ఆ ముఖచిత్రం వీనస్‌కు ఎంత అన్యాయం చేసిందో కోర్నికోవాకూ అంతే చేసింది.

స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ మొదలైంది 1954 ఆగస్టులో. ఈతదుస్తుల సంచిక 1964 నుంచి వస్తోంది. కాలం గడిచేకొద్దీ మహిళలకు చోటు పెరుగుతూ వచ్చి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఆ పత్రిక ముఖచిత్రాలను లెక్కపెట్టిన ఒక అధ్యయనం చదివాక ఆ నమ్మకం పోయింది. 2000 నుంచి 2011 వరకు వచ్చిన 716 ముఖచిత్రాల్లో మహిళలు కనిపించినవి 35, అంటే నూటికి అయిదు కూడా కాదు. అందులోనూ మహిళే ప్రధానంగా ఉన్నవి 18. అదే పత్రిక తొలి రోజుల్లో, 1954 నుంచి 1965 వరకు, మహిళలు కనిపించిన ముఖచిత్రాల వాటా 12.6 శాతం. అమెరికాలో 1972లో చదువుల్లో లింగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం వచ్చి, బడుల్లో కాలేజీల్లో ఆడపిల్లల ఆటలు విరగబూసిన తర్వాత, ఆడేవాళ్లు ఎన్నో రెట్లు పెరిగిన తర్వాత, ముఖచిత్రాల మీద వాళ్లు తగ్గారు! పత్రికల్లో కనిపించడం అనేది మైదానంలో జరిగేదాన్ని బట్టి దానంతటదే మారదని, ఎవరో ఒకరు కూర్చుని ప్రతి వారం తీసుకునే నిర్ణయమని ఈ ఒక్క లెక్క చాలు చెప్పడానికి. టెన్నిస్ క్రీడాకారిణి బిల్లీ జీన్ కింగ్ 1974లో మహిళల క్రీడలకే వేరే పత్రిక పెట్టింది ఈ సంగతి తెలిసే. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ కూడా మహిళల కోసం వేరే పత్రిక నడిపి 2002లో మూసేసింది.

ఆ తర్వాత మార్పు రాలేదని అనను. 2009లో ఈఎస్‌పీఎన్ పత్రిక క్రీడాకారుల శరీరాల మీద ప్రత్యేక సంచిక మొదలుపెట్టినప్పుడు మొదట నాకు అనుమానమే కలిగింది. కానీ 2015లో ఆ సంచిక ముఖచిత్రాల్లో ఒకదాని మీద హ్యామర్ త్రో క్రీడాకారిణి అమాండా బింగ్సన్‌ను చూశాక కొంత మనసు మార్చుకున్నాను. సన్నబడని, సన్నబడవలసిన అవసరం లేని శరీరం. నాలుగు కిలోల ఇనుపగుండును గిరగిరా తిప్పి విసరడానికి కావలసిన నడుము, తొడలు, భుజాలు. అందంగా ఉందా లేదా అన్న ప్రశ్నే ఆ ఫొటో ముందు నిలవదు. అదే ఏడాది చివర్లో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ సెరెనా విలియమ్స్‌ను ఆ సంవత్సరపు మేటి క్రీడావ్యక్తిగా ప్రకటించింది. ఒక మహిళ ఒంటరిగా ఆ గౌరవం పొందడం 1983లో రన్నర్ మేరీ డెకర్ తర్వాత అదే మొదలు. పాఠకుల ఆన్‌లైన్ ఓటింగులో గెలిచింది మాత్రం అమెరికన్ ఫారో అనే పందెపు గుర్రం. ముఖచిత్రం మీద సెరెనా నల్లటి దుస్తుల్లో సింహాసనం మీద కాలు వేలాడేసి కూర్చుంది. ఇది మళ్లీ పాత పద్ధతే కదా అన్నవాళ్లు ఉన్నారు. ఆ ఫొటో తన ఆలోచనేనని సెరెనా పక్షాన పత్రిక చెప్పింది. తన కండలను చూసి మగవాడిలా ఉందని ఏళ్ల తరబడి ఎగతాళి చేసిన లోకం ముందు ఆమె అలా కూర్చోవాలనుకుంటే, ఆ హక్కు ఆమెదే. నా ప్రశ్న ఆమెకు కాదు, పత్రికకు: ఆ ఏడాది ఆమె 53 మ్యాచులు గెలిచి మూడే ఓడింది. ఆమె సర్వ్ వేసేటప్పుడు బంతిని ఎగరేసే తీరు ఎటు కొట్టబోతోందో ప్రత్యర్థికి ఏమాత్రం తెలియనివ్వదు. సింహాసనం గురించి జరిగిన చర్చలో పదో వంతైనా ఆ సర్వ్ గురించి జరిగిందా?

మన దగ్గరికి వస్తే, ఈ కథంతా ఒక్క మనిషి మీద చూపించవచ్చు. 2005 ఫిబ్రవరిలో సానియా మీర్జా సొంత ఊరు హైదరాబాద్‌లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయురాలైంది. సెప్టెంబరుకి యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు చేరింది. ఆ ఏడాది ఆమె ఫొటో వేయని పత్రిక లేదు. ముక్కుపుడక, టీషర్టు మీది రాతలు, పొట్టి స్కర్టు. మతపెద్దలు కొందరు ఆ స్కర్టు మీద అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరాన్ని ఖండించే వ్యాసాల పక్కన మేమూ అదే స్కర్టు ఫొటో వేశాం. కప్పుకోమన్నవాళ్లూ చూపించినవాళ్లూ ఇద్దరూ చూస్తున్నది ఒకే చోటుకి. ఇద్దరిలో ఎవరూ చూడనిది ఆమె ఫోర్‌హ్యాండ్. మణికట్టు ఆఖరి క్షణంలో విదిలించి బంతిని నేల బారున పంపే ఆ దెబ్బ అప్పటికి ప్రపంచ మహిళల టెన్నిస్‌లోనే గట్టి దెబ్బల్లో ఒకటి. రెండో సర్వ్ బలహీనం, పెద్ద ఆటగత్తెలు దాన్ని ఎలా దండించేవారో టెన్నిస్ చూసేవాళ్లకు తెలుసు. 2007లో 27వ ర్యాంకు దాకా వెళ్లాక గాయాలతో సింగిల్స్ వదిలి డబుల్స్‌కు మళ్లి, 2015లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచింది. ఆ ఫోర్‌హ్యాండ్ డబుల్స్‌లో ఎందుకు అంత పనికొచ్చింది, సర్వ్ లోటును భాగస్వామి ఎలా పూడ్చింది, ఇవి తెలుగులో వివరంగా చదివిన గుర్తు నాకు లేదు. నేనూ రాయలేదు. 2016లో ఒక టీవీ ఇంటర్వ్యూలో పిల్లలు, సంసారం సంగతేమిటి, ఎప్పుడు స్థిరపడతారు అని అడిగితే, నంబర్ వన్ కావడం స్థిరపడటం కాదా అన్న అర్థంలో ఆమె ఇచ్చిన జవాబు మాత్రం మేమంతా పెద్ద అక్షరాలతో వేశాం. అడిగినాయన అక్కడికక్కడే క్షమాపణ చెప్పారు. ఇలాంటి ప్రశ్న మగ క్రీడాకారుణ్ని అడిగేవాణ్ని కాదని ఒప్పుకున్నారు.

(ఇప్పుడు 'ఆటగత్తె' అని రాశాను. ఈ మాట మా డెస్కులో ఎవరూ వాడరు. ఆటగాడికి స్త్రీలింగం అడిగితే వచ్చేది ఈ మాటే. కానీ పాత నిఘంటువుల్లో ఆటకత్తె అంటే నాట్యం చేసే స్త్రీ అనే అర్థం ఉంది కాబట్టి, క్రీడాకారిణి అన్న సంస్కృత పదం వెనక దాక్కుంటాం. ఆడే ఆడదానికి సొంత భాషలో మొహమాటపడకుండా వాడే మాట లేకపోవడం నన్ను ఎప్పుడూ బాధిస్తుంది.)

పత్రికలే కాదు, ఆటను నడిపేవాళ్లూ ఇదే దారిలో ఆలోచించారు. 2011లో ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య మహిళలు స్కర్టులు వేసుకుని తీరాలని నియమం పెట్టబోయింది. ఆటకు ఆకర్షణ పెరుగుతుందన్నది వాళ్ల వాదన. సైనా నెహ్వాల్ షార్ట్స్‌లో ఆడి ప్రపంచాన్ని గెలుస్తున్న కాలం. గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్ప జోడీ ఆ ఏడాదే ప్రపంచ చాంపియన్‌షిప్‌లో కాంస్యం తెచ్చిన కాలం. నిరసనలు రావడంతో ముందు వాయిదా వేసి, 2012లో పూర్తిగా విరమించుకున్నారు. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు బికినీకి బదులు షార్ట్స్ వేసుకున్నందుకు 1500 యూరోల జరిమానా కట్టవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ కాలం దాదాపు పోయింది. మా డెస్కులో ఇప్పుడు ఎవరైనా స్కర్టు కనిపించేలా ఫొటో కత్తిరిస్తే పక్కనున్న కుర్రవాడే వద్దంటాడు. దాని స్థానంలో వచ్చినది 'బిడ్డ'. తెలంగాణ బిడ్డ, ఆంధ్ర ఆడపడుచు, తెలుగింటి ఆడబిడ్డ, బంగారు తల్లి. ఈ మాటలు ప్రేమతో పుట్టినవే. 2016లో రియోలో సింధు రజతం గెలిచిన రాత్రి నేనూ ఏడ్చాను. కానీ బిడ్డ అన్న తర్వాత వచ్చే ప్రశ్న ఎవరి బిడ్డ అన్నదే. ఆ వారమే సింధు ఏ రాష్ట్రానికి చెందుతుందన్న వాదులాట మొదలైంది, ఆమె కులం ఏమిటని ఇంటర్నెట్‌లో వెతికినవాళ్లలో మన రెండు రాష్ట్రాలవాళ్లే ముందున్నారని వార్తలు వచ్చాయి. ఆటను వదిలేసి మనిషి పుట్టుపూర్వోత్తరాల మీద పేజీలు నింపే అలవాటు పాఠకుణ్ని అక్కడికే తీసుకెళ్తుంది. కులం వెతికినవాణ్ని తిట్టే ముందు, వాడికి మేము ఏం చదివించామో కూడా అడగాలి.

విశాఖపట్నం హర్డిలర్ జ్యోతి యర్రాజీ తండ్రి సెక్యూరిటీ గార్డు అన్న సంగతి క్రీడల పేజీ చదివే ప్రతివాళ్లకూ తెలుసు. వంద మీటర్ల హర్డిల్స్‌లో పది హర్డిల్స్ ఉంటాయని, ఒక్కోటి 83.8 సెంటీమీటర్ల ఎత్తని, ఒకదానికీ మరొకదానికీ నడుమ ఎనిమిదిన్నర మీటర్ల దూరాన్ని సరిగ్గా మూడే అంగల్లో దాటాలని, ఒక్క అంగ పొడుగు తప్పితే తర్వాతి హర్డిల్ కాలికి తగులుతుందని ఎంతమందికి తెలుసు? పేదరికం రాయవద్దని నేను అనడం లేదు. పేదరికం నిజం, దాన్ని దాటడం గొప్ప. కానీ కేవలం కన్నీళ్లతో ఎవరూ 13 సెకన్లలో పది హర్డిల్స్ దాటలేరు. ఆ మూడు అంగల లయ కోసం ఆమె ఎన్ని వేలసార్లు పరుగెత్తి ఉంటుందో రాస్తే, ఆ కష్టం ముందు ఇంటి కష్టం చిన్నబోదు, రెండూ ఒకదానికొకటి బలమిస్తాయి.

క్రికెట్‌లో మేము వాడే మాట 'అమ్మాయిలు'. అమ్మాయిలు అదరగొట్టారు, అమ్మాయిలు తుస్సుమన్నారు, అమ్మాయిలకు అగ్నిపరీక్ష. మగవాళ్ల జట్టు గెలిస్తే 'భారత్ గెలుపు', మహిళల జట్టు గెలిస్తే 'అమ్మాయిల గెలుపు'. నేను ఈ శీర్షికలు వందల్లో పెట్టాను, నాలుగు అక్షరాల్లో ఒదిగిపోయే మాట అని సమర్థించుకున్నాను. 2022 ప్రపంచకప్‌లో మిథాలీ రాజ్ కెప్టెన్సీలో జట్టు ఓడినప్పుడు 'అమ్మాయిలకు నిరాశ' అని పెట్టి, పేజీ పంపించాక ఆమె వయసు చూశాను. 39 ఏళ్లు. నాకంటే కొద్దిగా చిన్న. అప్పటికి ఇరవై మూడేళ్లుగా దేశానికి ఆడుతున్న, వన్డేల్లో ప్రపంచంలోనే ఎక్కువ పరుగులు చేసిన మహిళను నేను అమ్మాయి అన్నాను. ఆ వయసులో ఉన్న ధోనీని అబ్బాయి అని ఏ శీర్షికలో అయినా పెట్టగలనా? 2017 ప్రపంచకప్‌కు ముందు అభిమాన పురుష క్రికెటర్ ఎవరని ఒక విలేకరి అడిగితే, ఇదే ప్రశ్న మగ క్రికెటర్‌ను అడుగుతారా అని ఆమె ఎదురడిగినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ ఎదురుప్రశ్న మా శీర్షికలకూ తగులుతుందని నాకు తట్టడానికి మరో అయిదేళ్లు పట్టింది. బ్యాట్స్‌మన్ అన్న మాటను 2021లో క్రికెట్ చట్టాల నుంచే తీసేసి బ్యాటర్ అన్నప్పుడు మేము వారం రోజుల్లో అలవాటు చేసుకున్నాం కదా, ఇదీ అంతే.

మహిళల ఆటను ఒక పత్రిక ఎంత పట్టించుకుంటుందో కొలవడానికి నేను ఇప్పుడు ముఖచిత్రం చూడను, స్కోరుబోర్డు చూస్తాను. 2005 ఏప్రిల్ 10న దక్షిణాఫ్రికాలోని సెంచూరియన్‌లో భారత మహిళలు మొదటిసారి ప్రపంచకప్ ఫైనల్ ఆడారు. కెప్టెన్ హైదరాబాద్ మనిషి, సెమీఫైనల్లో న్యూజిలాండ్‌పై 91 నాటౌట్ చేసి జట్టును అక్కడికి తెచ్చిన మిథాలీ. అదే వారం విశాఖలో పాకిస్థాన్‌పై ధోనీ 148 కొట్టాడు. విశాఖ మ్యాచికి మేము రెండు పేజీలు, పూర్తి స్కోరుబోర్డు, ఏ బౌలర్‌ను ఎటు కొట్టాడో చూపించే బొమ్మ వేశాం. ప్రపంచకప్ ఫైనల్‌కు రెండు కాలమ్‌ల వార్త, చిన్న ఫొటో. స్కోరుబోర్డు లేదు. ఆస్ట్రేలియా బ్యాటర్ కరెన్ రోల్టన్ 107 నాటౌట్ అని ఒక వాక్యం, మనవాళ్లు 98 పరుగుల తేడాతో ఓడారని ఇంకో వాక్యం. ఎవరు ఎన్ని చేశారు, ఎవరి బౌలింగులో ఎవరు ఔటయ్యారు అని ఆ రోజు కడపలోనో కరీంనగర్‌లోనో బ్యాటు పట్టుకున్న ఒక పన్నెండేళ్ల పిల్ల వెతికి ఉంటే, మా పేజీలో దొరకలేదు. ఫొటో ఒక మనిషి ఉందని చెబుతుంది. స్కోరుబోర్డు ఆమె చేసినదానికి లెక్క ఉందని చెబుతుంది.

2017లో లార్డ్స్ ఫైనల్‌కు మేము స్కోరుబోర్డు వేశాం. 229 లక్ష్యంతో 191కి మూడే వికెట్లు పోగొట్టుకున్న స్థితి నుంచి 219కి ఆలౌటై, తొమ్మిది పరుగులతో ఓడిన మ్యాచి. ఇంగ్లండ్ బౌలర్ అన్యా ష్రబ్‌సోల్ ఆరు వికెట్లు తీసింది. ఆ స్కోరుబోర్డు ఉండబట్టే మర్నాడు చాలామంది పాఠకులు ఫోన్ చేసి ఆ చివరి వికెట్లు ఎలా పోయాయో వాదించారు, తిట్టారు, ఫలానా షాట్ ఆడకుండా ఉండవలసిందన్నారు. నా సర్వీసులో మహిళల ఆట గురించి పాఠకులు ఆటగా కోప్పడటం అదే మొదటిసారి. ఆ కోపం నాకు ఏ అభినందన సంచిక కంటే ఎక్కువ గౌరవంగా అనిపించింది.

పాఠకులు ఇంతకంటే కోరరు, వివరాలు రాస్తే చదవరు అని డెస్కులో ఇప్పటికీ అంటారు. ఈ వాదనను నేను నమ్మను. దూస్రా అంటే ఏమిటో, రివర్స్ స్వింగ్ ఎలా పుడుతుందో, డక్‌వర్త్ లూయిస్ లెక్క ఎలా వేస్తారో తెలుగు పాఠకుడు పుట్టుకతో తెలుసుకుని రాలేదు. మేము బొమ్మలు గీసి, బాణం గుర్తులు పెట్టి, ఏళ్ల తరబడి చెబితే నేర్చుకున్నాడు. నేర్చుకున్నాడు కాబట్టి ఇంకా కావాలన్నాడు. 2017 ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారాల మధ్య 110 నిమిషాలు సాగింది. రెండో గేమ్ ఆఖర్లో ఒక ర్యాలీలో షటిల్ 73 సార్లు అటూ ఇటూ వెళ్లింది. సింధు ఆ గేమ్ 22-20తో గెలిచి, మూడోది 20-22తో పోగొట్టుకుంది. ఆ ఒక్క ర్యాలీ మీద అరపేజీ రాయవచ్చు. పొడగరి సింధును ఒకుహారా ఎందుకు పదే పదే ముందుకూ వెనక్కూ తిప్పింది, సింధు స్మాష్ కొట్టకుండా ఎందుకు ఓపిక పట్టింది, 60వ దెబ్బ దాటాక కాళ్లు ఎవరివి ముందు బరువెక్కాయి అని. రెండేళ్లకు బాసెల్ ఫైనల్లో అదే ఒకుహారాను 21-7, 21-7తో నలభై నిమిషాల లోపే ఓడించినప్పుడు ఏం మారిందో అప్పుడు పాఠకుడికే తెలిసేది. మేము గ్లాస్గో మీద రాసిన శీర్షికలో ఉన్నది 'పోరాడి ఓడిన సింధు'. బాసెల్‌కు పెట్టినది 'బంగారు సింధు'. నడుమ జరిగిన చదువు ఎక్కడా లేదు.

2025 నవంబరు 2 రాత్రి నవీ ముంబైలో భారత జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి ఉంది. ఆ రాత్రి మొదటి పేజీకి మాకు వచ్చిన శీర్షికల్లో మూడింటిలో 'అమ్మాయిలు' ఉంది. నేను 'ప్రపంచకప్ మనదే' అని పెట్టాను. అమ్మాయిలని లేకపోతే ఎవరి కప్పో ఎలా తెలుస్తుంది మేడమ్ అని డెస్కులో కొత్తగా చేరిన కుర్రవాడు నిజాయితీగానే అడిగాడు. కింద హర్మన్‌ప్రీత్ ఫొటో ఉంది, స్కోరుబోర్డు ఉంది, చాలు అన్నాను.

మర్నాడు మా అన్నయ్య కూతురు ఇంటికొచ్చింది. పదమూడేళ్లు, అకాడమీలో ఫీల్డింగ్ అంటే పారిపోతుందని కోచ్ ఫిర్యాదు. పేపరు తీసి కప్పు ఎత్తుకున్న ఫొటో తిప్పేసి, లోపలి పేజీలో అమన్‌జోత్ కౌర్ పట్టిన క్యాచ్ ఫొటో దగ్గర ఆగింది. సెంచరీ కొట్టి మ్యాచిని లాగేసుకుంటున్న లారా వోల్వార్ట్‌ను ఔట్ చేసిన క్యాచ్ అది. బంతి రెండుసార్లు చేజారి మూడోసారికి దొరికింది.

"అత్తా, మొదటిసారి జారినప్పుడు తను కళ్లు ఎక్కడ పెట్టింది? బంతి మీదా, చేతుల మీదా?"

ఫొటో కింద మేము రాసినది 'మ్యాచ్‌ను మలుపు తిప్పిన క్యాచ్' అని మాత్రమే. ఫోన్‌లో వీడియో పెట్టి, ఆపి ఆపి, ఆ క్షణం దొరికేదాకా ఇద్దరం వెతికాం. బంతి మీదే పెట్టింది.